అశ్రువునకు ఆవల

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయపు ఆవరణలో, లోపలి బల్లలు చాలక మెట్లమీదను, చెట్లక్రిందను, ప్రహరీగోడ వారను కూర్చుండి, ఒడిలో పుస్తకమును ప్రక్కన నీళ్ళసీసాను ఉంచుకొని, ఉద్యోగపరీక్షలకై దినమంతయు చదువుచుండు యువతీయువకులను చూడక నేను ఇల్లు చేరిన సాయంకాలము లేదు. అశోక్‌నగర్ వీధులలోని అద్దెగదులలో నలుగురైదుగురుగా తలదాచుకొని, ఊరినుండి తల్లిదండ్రులు పంపిన పైకముతో నెలలు గడుపుకొనుచు, రాజ్యాంగమును, నదులను, రాజవంశములను, పురస్కారములను కంఠస్థము చేయు ఆ పిల్లలయందు నాకు గౌరవము మెండు. మొన్న ఒకనాడు ఆ మెట్లమీద ఒక అమ్మాయి కన్నులు మూసికొని వల్లెవేయుచున్నది: "జాతీయ ఉత్తమనటి, మూడుసార్లు, శారద. తులాభారం, స్వయంవరం, నిమజ్జనం." ఆ మూడు పేర్లు ఒకే ఊపిరిలో వినబడగానే నా అడుగు ముందునకు పడలేదు. "వాటిలో ఏదైనా చూశావా అమ్మా?" అని అడిగితిని. "లేదు సార్. యోగి సినిమాల ప్రభాస్ వాళ్ళ అమ్మ ఆమెనే కదా? అది చూసిన. మస్తు ఏడ్చిన," అని ఆ పిల్ల నిర్మలముగా బదులు చెప్పినది.

ఆ సమాధానములో తప్పేమియు లేదు. అర్ధశతాబ్దికి పైగా తెలుగువారు శారదను చూచి ఏడ్చుచునే యున్నారు. మా అమ్మ ఏడ్చినది, మా ఇంటి ప్రక్కల ఆడువారందరు ఏడ్చిరి, ఇప్పుడు మనుమరాలి వయస్సు పిల్లయు ఏడ్చినది. కాని ఆ ఏడ్పొక్కటే ఆమె ప్రజ్ఞకు కొలతబద్ద యని మనము చిరకాలముగా నమ్మి యుండుటవలన, ఆ మూడు చిత్రములలో ఆమె సాధించిన దానిని మనము ఇంటిలోనే యుంచుకొని మరచిన నగవలె మూలపడవేసితిమి. ప్రేక్షకుని ఏడిపించుట శారదకు తెలిసిన విద్యలలో మిక్కిలి చిన్నది. ఏడ్పునకు అవకాశమున్న చోట ఏడ్వక నిలుచుట ఆమె విద్య.

ఆమె 1945 జూన్ 25వ తేదీన తెనాలిలో జన్మించినది. తెనాలి అనిన నాటకమునకు పుట్టినిల్లువంటి ఊరు. స్త్రీవేషము ధరించి స్త్రీలనే విస్తుపోవజేసిన స్థానం నరసింహారావు అక్కడి శ్రీరామవిలాస సభలో వెలిగెను. వైద్యము చేయుచు రంగస్థలమునెక్కి, తరువాత 'కన్యాశుల్కం' చిత్రములో లుబ్ధావధానులుగా జీవించిన గోవిందరాజుల సుబ్బారావు ఆ ఊరివాడు. తొలితరపు అందాలతార కాంచనమాల ఆ ఊరి ఆడపడుచు. గుమ్మడి, జగ్గయ్య, కృష్ణ ఆ చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చినవారు. వ్యవసాయ కుటుంబమున పుట్టిన బాలికకు ఆ ఊరి గాలిలోనే నటన సోకెనని చెప్పుట అతిశయోక్తి కాదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సరస్వతీదేవి. చిత్రరంగమున ఆ పేరు గలవారు అప్పటికే యుండుటచే ఆమె శారద అయినది. పేరు మారినను అర్థము మారలేదు. చదువులతల్లి చదువులతల్లిగానే యున్నది.

బాల్యముననే ఆమెను మద్రాసులో నున్న అవ్వగారి ఇంటికి పంపిరి. ఆరేండ్ల ప్రాయమున నాట్యాభ్యాసము, దసరా దినములలోను దేవాలయోత్సవములలోను ప్రదర్శనలు, పదేండ్ల ప్రాయమున 1955 నాటి 'కన్యాశుల్కం'లో చిన్న వేషము: ఇట్లు సాగినది ఆ ప్రయాణము. ఆ అవ్వగారు కట్టుబాటు గల మనిషి. మనుమరాలు నటిగా మారిన పిదప సైతము నాయకపాత్రధారులతో కలిసి సాధన చేయుటకు అనుమతి లేదు. చేయవలసిన సాధన యంతయు ఆదివారము నాడు, ఇంటిలోనే. ఈ విషయము చదివినప్పుడెల్ల నాకొక ఊహ కలుగును. ఎదుట మనిషి లేకయే ప్రేమను, కోపమును, వియోగమును పలికించుట నేర్చిన బాలిక, ఎదుటివానిపై ఆధారపడని నటన నేర్చి యుండును. తరువాతి కాలమున ఆమె గొప్ప ఘట్టములన్నియు ఆమె యొంటరిగా నున్న ఘట్టములే యగుటకు ఆ ఆదివారపు సాధన కారణము కాదని ఎవరు చెప్పగలరు?

1961లో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'ఇద్దరు మిత్రులు'తో ఆమె ముఖము తెలుగువారికి పరిచయమైనది. అటుపిమ్మట మన నిర్మాతలు ఆమెకు ఇచ్చినవి చాలవరకు హాస్యపు వేషములు, చెల్లెలి వేషములు, రెండవ నాయిక వేషములు. ఆమె వాటిని ఒప్పుగానే నిర్వహించినది. కాని ఆ విశాలనేత్రములలో ఇంకొక లోకము కలదని కనుగొన్నవారు మలయాళీలు. 1965లో ఉదయా స్టూడియో అధిపతి కుంచాకో 'ఇణప్రావుగళ్' చిత్రమునకు ఆమెను తీసికొనిపోయెను. అదే ఏట ఎం.టి. వాసుదేవన్ నాయర్ తన తొలి చిత్రకథ వ్రాసిన 'మురప్పెణ్ణు', 1967లో 'ఇరుట్టిన్టె ఆత్మావు' వచ్చినవి. భాష తెలియని దేశమునకు పోయిన తెనాలి పిల్ల, రెండుమూడేండ్లలో ఆ దేశపు ఇంటి ఆడపడుచై, వారిచే 'దుఃఖపుత్రి' యని పిలిపించుకొన్నది. భాష రాకపోవుటయే ఆమెకు మేలు చేసెనని నాకు తోచును. మాటమీద అధికారము లేని నటి, మాట వెలుపల నున్న సమస్తమును స్వాధీనము చేసికొనవలసి వచ్చును.

ఇక 'తులాభారం'. తోప్పిల్ భాసి నాటకము దానికి మూలము, 1968లో ఎ. విన్సెంట్ దర్శకత్వమున అది చిత్రమైనది. ఈ విన్సెంట్ మనకు పరాయివాడు కాడు. 'ప్రేమనగర్'కు, 'అడవి రాముడు'కు ఛాయాగ్రాహకుడు ఆయనయే. కలిగిన ఇంట పుట్టిన విజయ, సంపద నశించిన పిదప ఒక కార్మికుని చేపట్టును. శ్రామికుల పక్షమున నిలిచిన ఆ భర్త హతుడగును. పిల్లల ఆకలికి అన్నము దొరకని నాడు ఆమె వారికి విషము పెట్టి తానును తిని, తాను మాత్రము బ్రతికి, హంతకురాలిగా న్యాయస్థానపు బోనెక్కును. ఆమెకు శిక్ష విధింపుమని వాదింపవలసినది ఆమె చిన్ననాటి స్నేహితురాలే. ఈ కథను శారద మలయాళమున, తమిళమున, తెలుగున, హిందీలో, నాలుగుమారులు నటించినది. తెలుగున వి. మధుసూదనరావు దర్శకత్వమున 1969లో 'మనుషులు మారాలి' యైనది. శోభన్‌బాబు భర్త, కాంచన స్నేహితురాలు. హిందీలో 'సమాజ్ కో బదల్ డాలో' అను పేర 1970లో వచ్చినది. ఒకే తల్లి నాలుగుమారులు తన పిల్లలను చంపుకొని నాలుగుమారులు బోనులో నిలుచుట ఏ నటికైనను భరింపరాని భారము; శారద ముఖము ఏ భాషలోను అలవాటుపడినట్లు కనబడలేదు.

'మనుషులు మారాలి' వచ్చిననాటికి నేను ప్రాథమిక తరగతుల బాలుడను. మధ్యాహ్నపు భోజనములు ముగించి, గిన్నెలు కడిగి, చిక్కడపల్లి సందులలోని అయిదారుగురు ఇల్లాండ్రు నారాయణగూడకు నడచి మ్యాట్నీకి పోవుట ఆ కాలమున ఒక పండుగ. పోవునపుడు ఎంత సందడియో, వచ్చునపుడు చీరలమీదను నగలమీదను అంత చర్చ. వారిలో కొందరు నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాలలో చదివినవారు. నిజాం రాజ్యమున ఆడపిల్లకు తెలుగులో చదువు చెప్పుటకై 1928లో వెలసిన ఆ పాఠశాల ఈ పేటల స్త్రీలకు అక్షరములతోపాటు కథను తర్కించు చూపును కూడ ఇచ్చినది. నాడు మాత్రము తిరుగుదారిలో ఎవరును మాటలాడలేదు. చేతులు పట్టుకొని పిల్లలను రోడ్డు దాటించిరి, గుమ్మముల యొద్ద విడిపోయిరి, అంతే. ఆ రాత్రి మా అమ్మ మాకు అన్నము పెట్టి, తాను తినక, మా కంచములవైపే చూచుచు కూర్చుండెను. "ఇంకొంచెం పెట్టించుకోండిరా," అని ఒక్కమాట అన్నది. అప్పటికి ఆమె కన్నులలో నీరు లేదు. చిత్రశాలలో వచ్చిన నీరు అక్కడనే ఆరిపోయినది. ఇంటికి వచ్చినది మరియొకటి. దానికి పేరేమో నాకు ఆనాడు తెలియదు.

ఆ పేరు తరువాత అలంకారశాస్త్రమున దొరికినది. మన పూర్వులు సాత్త్వికభావములు ఎనిమిది యనిరి: స్తంభము, ప్రళయము, రోమాంచము, స్వేదము, వైవర్ణ్యము, వేపథువు, అశ్రువు, వైస్వర్యము. దేహము మనస్సునకు లోబడి, ప్రయత్నము లేకయే మారుట సాత్త్వికము. కనుకనే దానిని అభినయములలో కష్టతమమని ఎంచిరి. ఈ యెనిమిదింటిలో మన వ్యాపారచిత్రములు నటీమణులను అడిగినది ఒక్క అశ్రువును మాత్రమే. కారణము సుస్పష్టము: గ్లిజరిను చుక్క వేసిన అశ్రువు ఎవరికైనను వచ్చును, దూరపు బెంచీవానికి కూడ కనబడును. ముఖమునుండి రక్తము దిగిపోవు వైవర్ణ్యమునకు మందు లేదు, మాట సగమున గొంతు తన గొంతు కాకుండ పోవు వైస్వర్యమునకు యంత్రము లేదు, నిలుచున్న మనిషి నిలుచున్నట్లే మ్రానైపోవు స్తంభమును దర్శకుడు కేకవేసి రప్పింపలేడు. శారద నటనను ఈ కంటితో మరల చూడుడు. బోనులోని ఆ తల్లి ఏడ్చిన ఘట్టములకంటె, ఏడ్పు అడుగంటిన పిదప ఆమె కనురెప్పలు వాల్చుటకు పట్టు కాలము ఎక్కువగా కలచివేయును. మా అమ్మ వెంట ఇంటికి వచ్చినది ఆ స్తంభము. భవభూతి రసములన్నింటికి కరుణమే మూలమన్నాడు. ఆ కరుణము కంటినీటిలో కాక దేహమంతటను నిండియుండునని తెరమీద చూపినవారిలో మన దేశమున శారదకు ముందు వరుసలో చోటు కలదు.

ఆ పాత్రకు ఆమె జాతీయ ఉత్తమనటి అయినది. కేంద్రప్రభుత్వము ఆ పురస్కారమును అంతకు ముందటి యేడే నెలకొల్పి, నటునకు 'భరత్' అనియు నటికి 'ఊర్వశి' అనియు పేర్లు పెట్టినది. 1967 సంవత్సరపు తొలి పురస్కారము 'రాత్ ఔర్ దిన్'కు నర్గీసునకు దక్కగా, 1968 సంవత్సరపుది శారదకు దక్కినది. నాటినుండి ఆమె మనకు ఊర్వశి శారద. అప్సరస పేరును ఆకలిగొన్న తల్లికి ఇచ్చుట విపరీతమని కొందరికి తోచవచ్చును. కాని కాళిదాసు 'విక్రమోర్వశీయము' చదివినవారికి అట్లు తోపదు. ఆ నాటకమున ఊర్వశియు నటియే. భరతముని ఇంద్రసభలో లక్ష్మీస్వయంవరమును ప్రదర్శింపగా, లక్ష్మి వేషము వేసిన ఊర్వశి పురుషోత్తముని పేరు చెప్పవలసిన చోట మనస్సులో నున్న పురూరవుని పేరు పలికి, ముని శాపమున భూమికి వచ్చినది. అనగా పాత్ర మాటను మరచి ప్రాణము మాటను పలికిన నటి ఊర్వశి. అంతకంటె తగిన పేరు శారదకు ఎవరు పెట్టగలరు? స్వర్గమున స్వయంవర నాటకములో ఒక ఊర్వశి పదవి కోల్పోగా, భూమిమీద 'స్వయంవరం' అను చిత్రముతోనే మరియొక ఊర్వశి ఆ పదవిని రెండవమారు పొందినది. ఇది యాదృచ్ఛికమే, అయినను ఎంత అందమైన యాదృచ్ఛికము!

ఆ 'స్వయంవరం' 1972లో వచ్చినది. అడూర్ గోపాలకృష్ణన్‌కు అది తొలి కథాచిత్రము. చిత్రలేఖ అను చలనచిత్ర సహకార సంస్థ దానిని నిర్మించినది. పెద్దల సమ్మతి లేక ఇల్లు విడిచి, తమ బ్రతుకును తామే వరించిన విశ్వమ్, సీత అను యువజంట నగరమున క్రమక్రమముగా క్రుంగుట దాని కథ. మధు, శారద ఆ ఇరువురు. వ్యాపారచిత్రములలో వెలుగుచున్న తార, పేరులేని క్రొత్త దర్శకుని యొద్దకు వచ్చి, అలంకారము విడిచి, పాటలు విడిచి, తనకు పేరు తెచ్చిన ఏడ్పును సైతము విడిచి నటించినది. భర్త మరణించును, ఒడిలో పసికందు, ఇక ఈమె తల్లిదండ్రుల ఇంటికి మరలునా, మరియొకరి నీడకు పోవునా, ఒంటరిగా నిలుచునా అని ప్రేక్షకుడు తహతహలాడుచుండగా, రాత్రివేళ ఎవరో తలుపు కొట్టుదురు. సీత తలుపువైపు చూచును. చిత్రము అక్కడ ముగియును. ఆ చూపులో భయమున్నదా, తెగువ యున్నదా, తలుపు తీయుటకు సిద్ధపడినదా, గడియ చాలునా యని లెక్కవేయుచున్నదా అని నేను పలుమారులు ఆలోచించితిని. ప్రతిమారు మరియొకటి కనబడినది. ఒక చూపుతో చిత్రమునంతటిని మోయించిన దర్శకునకు, మోసిన నటికి, ఉభయులకును ఆ ఏట జాతీయ పురస్కారములు వచ్చినవి. ఉత్తమ చిత్రము, ఉత్తమ ఛాయాగ్రహణము కూడ దానికే.

రెండుమారులు ఆ గౌరవము పొందిన తొలి నటి ఆమెయే. ఇంతకును ఆమె మాతృభాషలో అప్పటికి ఒక్కటియు రాలేదు.

తెలుగుతెర ఆమెను ఆదరింపలేదనుట అన్యాయము. కె. విశ్వనాథ్ 1972లో 'కాలం మారింది'లోను, మరుసటి ఏట ఆమె పేరనే వచ్చిన 'శారద'లోను ఆమెకు యోగ్యమైన పాత్రలిచ్చెను. రంగనాయకమ్మ నవలను దాసరి నారాయణరావు 1975లో 'బలిపీఠం'గా తీసినప్పుడు, కులాంతర వివాహమున తన పుట్టుకనుండి తాను బయటపడజాలని అరుణను శారద ఎంత నిర్దయతో చిత్రించినదో గమనింపుడు: ప్రేక్షకుని జాలికై ఆమె చేయి చాపలేదు. ఆ పాత్రయందు మనకు కోపము రావలెను, వచ్చినది. కాని ఆ దశకమున ఆమె చేసిన తక్కిన పెక్కు చిత్రములు ఒకే మూసలో పోసినవి. కష్టములు పడు ఇల్లాలు, త్యాగము చేయు అక్క. ఆ పట్టికను ఇక్కడ విప్పుటవలన ప్రయోజనము లేదు.

'నిమజ్జనం' వేరు. బి.ఎస్. నారాయణ దర్శకత్వము వహించిన ఈ చిత్రమునకు 1978వ సంవత్సరపు జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించుటతో, మూడుమారులు ఆ గౌరవమందిన తొలి నటియు శారద అయినది. మూడవది తెలుగు మాటతో వచ్చినది. కథ వినుటకు చిన్నది. చనిపోయిన మామగారి అస్థికలను నదిలో కలుపుటకై ఒక సనాతన కుటుంబపు దంపతులు బయలుదేరుదురు, ఎడ్లబండి ప్రయాణము, దారిలో ఆ ఇల్లాలు బండివాని బలాత్కారమునకు గురియగును. తక్కినది చూడనివారి కొరకు చెప్పక విడుచుచున్నాను. చెప్పవలసినది శారదను గూర్చి. ఇట్టి ఘట్టము వచ్చిన మన చిత్రములలో జుట్టు విరబోసికొని, నేలబడి, దేవుని విగ్రహమును ప్రశ్నించు పద్ధతి యొకటి స్థిరపడి యున్నది. 'నిమజ్జనం'లో ఆ శబ్దము లేదు. మడి, ఆచారము, మౌనము అలవాటైన స్త్రీకి తన దేహముమీద జరిగిన ఘోరమును చెప్పుటకు మాటలే నేర్పబడలేదు. ఆ మాటలేమి యంతయు శారద ముఖమున వైవర్ణ్యమై, కొంగు సవరించుకొను వ్రేళ్ళలో వేపథువై ప్రవహించును. అస్థికలు నీటిలో కలిపిన మంత్రముతో తీరిపోవు మృతి యొకటి, తీరని మృతి మరియొకటి అని ఏ సంభాషణయు చెప్పదు. ఆమె కూర్చున్న తీరు చెప్పును. తులాభారపు తల్లి లోకమునెదుట బోనులో నిలిచినది. ఈ ఇల్లాలికి బోను కూడ లేదు. నా తీర్పు అడిగినచో, శారద నటజీవితమునకు శిఖరము ఇదియే, తెలుగుతెరపై నేను చూచిన స్త్రీపాత్రాభినయములలో దీనికి సాటియైనవి వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

పురస్కారము రాని మరియొక పాత్రను చెప్పక ముందుకు పోజాలను. 1981లో అడూర్ తీసిన 'ఎలిప్పత్తాయం', అనగా ఎలుకల బోను. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సదర్లాండ్ ట్రోఫీ పొందిన చిత్రము. శిథిలమగుచున్న పాత జమీందారీ యింట, కదలని మెదలని సోదరునికి సేవచేయుచు పెండ్లి లేక ముదిరిన రాజమ్మ వేషము శారదది. దర్శకుడు ఆ యింటి మనుషులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు కేటాయించి, రాజమ్మకు నీలము నిచ్చెను. ఆ నీలపు వస్త్రము వంటింటికి, పెరటికి, సోదరుని పిలుపునకు పరుగెత్తుచుండుటయే ఆమె జీవితము. అందులో ఆమెకు గొప్ప సంభాషణ లేదు, గొప్ప ఘట్టము లేదు. అలసట యొక్కటే యున్నది. అలసటను నటించుట ఎంత దుష్కరమో, ఏ తల్లియైనను చిత్రము చూచుచు చెప్పగలదు.

తరువాతి దశకమున ఆమె తెలుగున పెద్దరికపు పాత్రలకు మారినది. 'సర్దార్ పాపారాయుడు', 'జస్టిస్ చౌదరి', 'చండశాసనుడు' చిత్రములలో ఎన్.టి. రామారావుతో కలిసి, 'బొబ్బిలి బ్రహ్మన్న'లో కృష్ణంరాజు సరసన, 'ప్రతిధ్వని'లో పోలీసు అధికారిణిగా, 1991లో 'అమ్మ రాజీనామా'లో తల్లి పదవికే రాజీనామా ఇచ్చిన తల్లిగా మన ఆర్టీసీ క్రాస్‌రోడ్డు ప్రేక్షకులు ఆమెను చూచిరి. సంధ్య, దేవి, సుదర్శన్, సప్తగిరి, ఓడియన్: ఆ కూడలిలో చిత్రశాలలు వరుసగా వెలసి, విడుదల దినమున కాలు మోపుటకు చోటులేని కాలమది. నాయకుడు తెరమీదికి రాగానే చిల్లరనాణెములు ఎగురవేయు ఆ జనసమ్మర్దము, శారద మాట మొదలుపెట్టగానే సద్దుమణుగుట నేను చెవులార విన్నాను. 1996లో తెనాలి ప్రజలు ఆమెను లోకసభకు పంపిరి. 2010వ సంవత్సరమునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారముతో గౌరవించినది. 'స్టాలిన్', 'యోగి' చిత్రములలోని తల్లులు ఈ తరమువారికి తెలిసినవే.

మా పేటలకు సమీపముననే జరిగిన మరియొక సంగతిని ఇక్కడ తలచుకొనవలెను. ఈ నగరముననే జన్మించిన షబానా ఆజ్మీ, ఈ నగరపు శివారులో పెరిగిన శ్యాం బెనెగల్ దర్శకత్వమున, ఎల్లారెడ్డిగూడ గ్రామమున తీసిన 'అంకుర్'తో 1974 సంవత్సరపు ఉత్తమనటి అయినది. తెలంగాణపు గడీలోని ఆడబాపను 'దాసి'లో చూపి అర్చన 1988 సంవత్సరమునకు అదే గౌరవము పొందినది. ఆ చిత్రమును తీసిన బి. నర్సింగరావు ఈ మట్టిమనిషి. 'కర్తవ్యం'తో విజయశాంతి, 'మహానటి'తో కీర్తి సురేష్ ఆ వరుసలో చేరిరి. తెలుగుచిత్రములలో ఈ త్రోవకు తొలి అడుగు 'నిమజ్జనం'. ఇంత వారసత్వము కలిగియు, మన పేటలలో ఏడాది పొడుగున జరుగు సభలలో, సన్మానములలో, పాటకచేరీలలో ఈ చిత్రములకు ఒక సాయంకాలము కేటాయించుట నాకు అరుదుగానైనను కనబడలేదు. సంగీతమునకు త్యాగరాయ గానసభ యున్నది, చదువునకు గ్రంథాలయమున్నది, వినోదమునకు క్రాస్‌రోడ్డున్నది. ఈ మూడింటికి నడుమ నడచి అయిదు నిమిషముల దూరములో జీవించు మనము, మన భాషకు తొలి ఉత్తమనటి పురస్కారము తెచ్చిన చిత్రమును పెద్దతెరపై చూచుటకు నోచుకొనలేదు. మలయాళీలు తమ శారదను తమ చిత్రోత్సవములలో చూపుచునే యున్నారు.

కనుక ఒక ప్రార్థన. గానసభ పెద్దలు గాని, గ్రంథాలయపు అధికారులు గాని, క్రాస్‌రోడ్డు చిత్రశాలల యజమానులు గాని, పూనిక గల ఏ సాహితీసంస్థ గాని, ఒక ఆదివారము ఉదయపు ఆటగా 'నిమజ్జనం' ప్రదర్శింపుడు. వీలైనచో మరుసటి రెండు వారములలో 'తులాభారం', 'స్వయంవరం' తెలుగు అక్షరములు జోడించి చూపుడు. టిక్కెట్టు వెల అశోక్‌నగర్ గదులలోని పిల్లలకు అందునట్లు ఉంచుడు. పుస్తకములో ఒక్క పంక్తిగా శారదను వల్లెవేసిన ఆ అమ్మాయికి, ఆమె స్నేహితురాండ్రకు ముందు వరుసలో నాలుగు కుర్చీలు విడిచిపెట్టుడు. వాటి వెల నేను చెల్లింతును.